కారవాన్ వెంట మడత ఎలక్ట్రిక్ సైకిల్: రేంజి కన్నా బరువే ముందు చూడాలి

కారవాన్‌లో ఊళ్లు తిరిగేవారికి అసలు ఇబ్బంది ఊరు చేరుకున్న తరువాతే మొదలవుతుంది. మంచాలు, వంటగట్టు, నీళ్ల ట్యాంకు బిగించుకున్న టెంపో ట్రావెలర్‌ను నీడపట్టున ఆపి, ఒక పక్కకు ఒరగకుండా సరిచేసుకుని, పొయ్యి వెలిగించుకున్న తరువాత పాల ప్యాకెట్టు కోసమో, మందుల దుకాణం కోసమో దానిని మళ్లీ కదిలించాలంటే లోపలి సామానంతా తిరిగి సర్దుకోవాలి. పైగా మనం చూడాలని వెళ్లిన చోట్లలో చాలావాటి దాకా ఆ బండి పోదు. విజయవాడ వన్‌టౌన్ సందుల్లో దానిని తిప్పడం కష్టం, ప్రకాశం బ్యారేజీ మీదికి భారీ వాహనాలను రానివ్వరు, గుంటూరు దగ్గర ఉప్పలపాడులో కొంగలూ గూడబాతులూ చేరే చెరువు వద్దకు పెద్ద బండిని తీసుకెళ్తే ఊరివారి దారికి అడ్డం. ఈ లోటు తీరడానికి నేనూ నా భార్యా ఒక తేలికపాటి మడత ఎలక్ట్రిక్ సైకిల్ కొనుక్కున్నాము. ఏడాదికి పైగా వాడిన మీదట, ఇదే అవసరం ఉన్న మరొకరికి ఉపయోగపడుతుందన్న నమ్మకంతో దాని మంచిచెడ్డలు వివరంగా రాస్తున్నాను.

ముందుగా సైకిల్ వివరాలు. అల్యూమినియం ఫ్రేము, 20 అంగుళాల చక్రాలు, వెనుక చక్రం ఇరుసులో 250 వాట్ల హబ్ మోటారు, 36 వోల్టుల 7.8 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ, రెండు చక్రాలకూ కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు, వెనుక ఏడు గేర్లు, తొక్కుతున్నప్పుడు మోటారు సాయమిచ్చే పెడల్ అసిస్ట్, దానితో పాటు తొక్కకుండానే మోటారుతో నడిపే థ్రాటిల్. బ్రాండు పేరు రాయడం లేదు. ఒకే రకం భాగాలతో తయారైన సైకిళ్లు మన మార్కెట్లో వేర్వేరు పేర్లతో దొరుకుతున్నాయి, ఒక మోడల్ వచ్చిన రెండేళ్లకే మాయమవుతున్నది. కాబట్టి కొనేవారికి పేరు కన్నా కొలతలే అక్కరకు వస్తాయి.

మా అనుభవంలో తేలిన ముఖ్యమైన మాట ఒక్కటే. కారవాన్ ఉన్నవారు ఎలక్ట్రిక్ సైకిల్‌కు రేంజి ఎంత అని కాక, బరువెంత అని ముందు అడగాలి. దుకాణాల్లో జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. మేము వెళ్లిన ప్రతి చోటా అమ్మకందారు మొదట చెప్పిన మాట "సార్, ఒక్కసారి ఛార్జింగ్ పెడితే అరవై కిలోమీటర్లు వస్తుందండీ" అన్నదే. రోజూ ఉద్యోగానికి మంగళగిరి నుంచి బెంజ్ సర్కిల్ దాకా వచ్చిపోయే మనిషికి ఆ మాట విలువైనదే. కానీ వందల కిలోమీటర్ల దూరాన్ని కారవానే మోసుకొస్తున్నప్పుడు, సైకిల్ వంతుకు మిగిలేది ఆపిన చోటు నుంచి గుడికి, సంతకు, చెరువుగట్టుకు, ఎక్కువలో ఎక్కువ ఒక పురాతన కట్టడానికి వెళ్లిరావడం మాత్రమే. అదంతా కలిపి పది, పదిహేను కిలోమీటర్లు దాటడం అరుదు. ఆ కొద్ది దూరం కోసం యాభై, అరవై కిలోమీటర్ల బ్యాటరీని ప్రతిసారీ ఎత్తి దించడం వృథా శ్రమ. అంతకన్నా పెద్ద నష్టం ఏమిటంటే, బరువైన సైకిల్‌ను రెండు మూడు సార్లు దించి విసిగిపోయిన తరువాత ఎవరూ దించరు. అది లోపల మూలన పడి స్థలం తింటూ ఊళ్లు తిరుగుతుంది.

బరువు విషయంలో కంపెనీవారి కరపత్రాన్ని మాత్రమే నమ్మడానికి లేదు. మా సైకిల్ కరపత్రంలో 17 కిలోలు అని ఉన్నది. మడ్‌గార్డులు, స్టాండు, లైటు, వెనుక చిన్న క్యారియర్, బ్యాటరీ అన్నీ బిగించిన తరువాత కిరాణా దుకాణం కాటా మీద పెట్టి చూస్తే 19 కిలోలు దాటింది. ఇందులో మోసం ఉందని నేను అనను. కొందరు బ్యాటరీ లేకుండా తూస్తారు, కొందరు పెడళ్లు కూడా లేకుండా తూస్తారు. ఏది వదిలేసి తూచారో కరపత్రంలో రాయకపోవడమే చిక్కు. పెద్ద కాటా దొరకకపోతే, ఇంట్లో మనిషి బరువు చూసుకునే యంత్రం మీద సైకిల్‌ను ఎత్తుకుని నిలబడి, ఆ తరువాత ఖాళీ చేతులతో నిలబడి, తేడా చూసుకుంటే సరిపోతుంది. దుకాణానికి ఆ యంత్రాన్ని వెంట తీసుకెళ్లడానికి మొహమాటపడనక్కరలేదు.

అంకె తెలిసిన తరువాత చేయవలసిన అసలు పరీక్ష మరొకటి ఉన్నది. మన కారవాన్ వెనుక తలుపు గడప నేల నుంచి ఎంత ఎత్తున ఉందో ఇంటి దగ్గరే టేపుతో కొలుచుకుని వెళ్లాలి. మాది దాదాపు రెండున్నర అడుగులు. దుకాణంలో అంత ఎత్తున్న బల్లను చూసి, సైకిల్‌ను మడిచి, బ్యాటరీ తీసి పక్కన పెట్టి, ఎవరి సాయమూ లేకుండా ఆ బల్ల మీదికి ఎక్కించి దించి చూడాలి. ఇంట్లో ఎవరు ఎక్కువగా వాడతారో వారే ఎత్తి చూడాలి. మోకాళ్ల నొప్పి ఉన్న నా భార్య 17 కిలోలను రెండు చేతులతో ఎత్తి, గడప అంచున ఆనించి, లోపలికి నెట్టగలిగింది. అదే దుకాణంలో ఉన్న 28 కిలోల సైకిల్‌ను నేను కూడా నడుము పట్టేస్తుందేమోనన్న భయంతోనే ఎత్తాను. పది కిలోల తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది. సైకిల్‌ను మడిచినప్పుడు బరువంతా ఒక పక్కకు చేరి, పెడల్ పిక్కకు గుచ్చుకుంటూ, హ్యాండిల్ ఊగుతూ ఉండగా ఎత్తేటప్పుడు ఆ తేడా తెలిసి వస్తుంది. మడిచిన తరువాత రెండు చక్రాలనూ పట్టి ఉంచే అయస్కాంతమో, రబ్బరు పట్టీయో ఉన్నదా, ఎత్తడానికి ఫ్రేము మీద చేతికి అనువైన చోటు ఉన్నదా అన్నవి కూడా బరువుతో సమానంగా చూసుకోవలసిన సంగతులు.

మార్కెట్లో మేము చూసిన వాటిలో మూడు తెగలు కనిపించాయి. మొదటిది నాలుగు అంగుళాల లావు టైర్లున్న మడత సైకిల్. ఈమోటోరాడ్ కంపెనీ డూడుల్ ఈ కోవలో మన దేశంలో బాగా తెలిసిన పేరు. గతుకుల రోడ్ల మీదా, ఇసుక మీదా ఆ లావు టైర్లు ఇచ్చే సుఖం నిజమైనదే, చూపుకు కూడా దిట్టంగా ఉంటుంది. నేల మీదే నిలిపి ఉంచుకోగలిగినవారికి మంచి సైకిల్. ఎత్తి లోపల పెట్టుకోవలసిన మాలాంటి వారికి మాత్రం ఆ తెగ మొత్తంగానే బరువెక్కువ. రెండవది మడత పడని మామూలు ఎలక్ట్రిక్ సైకిల్. హీరో లెక్ట్రో వంటి కంపెనీలు ఇటువంటివి ఎక్కువగా తయారు చేస్తున్నాయి. నడక హాయిగా ఉంటుంది, బరువు కూడా మరీ ఎక్కువ కాదు, అయితే లోపల పట్టదు, బయట కట్టుకోవలసిందే. మూడవది సన్నని టైర్లతో, చిన్న బ్యాటరీతో వచ్చే తేలికపాటి మడత సైకిల్. ఈ తెగకు మేలుబంతి అనదగినది ఇంగ్లండ్‌లో తయారయ్యే బ్రాంప్టన్ ఎలక్ట్రిక్. దాని మామూలు మోడళ్ల చక్రాలు 16 అంగుళాలవి, బ్యాటరీ ముందు తగిలించే సంచిలో ఉండి సంచితో సహా ఊడి వస్తుంది. ఆ ఏర్పాటు చాలా తెలివైనది, ధర మాత్రం మా అందుబాటులో లేదు. మాది ఇదే తెగలో మన దేశపు ధరకు దొరికిన సైకిల్.

మోటారు శక్తి గురించి మనవారికి ఒక అపోహ ఉన్నది. 250 వాట్లంటే ఆటవస్తువులే అనుకుని, 500 వాట్లో, 750 వాట్లో ఉన్నవాటి కోసం వెతుకుతారు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం 250 వాట్ల లోపు శక్తి, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం, బ్యాటరీ కాక 60 కిలోలకు మించని బరువు ఉన్న బ్యాటరీ వాహనాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. కాబట్టి దానికి రిజిస్ట్రేషన్ గానీ, నడిపేవారికి లైసెన్సు గానీ అక్కరలేదు. ఆ హద్దు దాటితే అది చట్టం దృష్టిలో మోటారు బండే. మోటారును అదుపు చేసే కంట్రోలర్‌లో వేగానికి పెట్టిన హద్దు తీసేసి వేగం పెంచి ఇస్తామని చెప్పే మెకానిక్కులు ఉన్నారు. ఊరు కాని ఊరిలో ప్రమాదం జరిగితే బీమా ఆదుకోకపోవచ్చన్న సంగతి గుర్తు పెట్టుకుని ఆ పని చేయించకుండా ఉండడమే క్షేమం.

250 వాట్లు ఎంతకు సరిపోతాయో లెక్క వేసుకోవచ్చు. మనిషి, సైకిల్, సంచి కలిపి 95 కిలోలు అనుకుందాం. వంద మీటర్లకు ఆరు మీటర్లు లేచే ఎత్తును గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి కేవలం ఎత్తు కోసమే సుమారు 186 వాట్లు కావాలి. గాలి, టైర్ల రాపిడి కలుపుకున్నా మోటారుకు మన కాళ్లు కొద్దిగా తోడైతే చాలు. అదే వందకు పది మీటర్లు లేచే చోట 310 వాట్లు కావాలి. అక్కడ గట్టిగా తొక్కక తప్పదు. పైగా హబ్ మోటారు నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ బరువు లాగినప్పుడు కరెంటులో పెద్ద భాగం వేడిగా మారిపోతుంది. కోటప్పకొండ ఘాట్ రోడ్డు మీద ఈ సంగతి మాకు స్పష్టంగా తెలిసింది. మొదటి మలుపులు హాయిగా ఎక్కిన సైకిల్, వాలు నిలువుగా ఉన్న చోట థ్రాటిల్‌కు లొంగలేదు. చిన్న గేరు వేసుకుని, తొక్కుతూ, మధ్యలో నీడన ఆగి మోటారు చల్లారనిచ్చి వెళ్లవలసి వచ్చింది. కాబట్టి గేర్లు లేని మోడల్ ఎంత తక్కువ బరువున్నా కొండ ప్రాంతాలకు వెళ్లేవారు తీసుకోకూడదు. మా కృష్ణా, గుంటూరు నేలలు చాలావరకు బల్లపరుపుగా ఉంటాయి గనుక, కొండ గుళ్లు మినహాయిస్తే ఈ మోటారుతో మాకు లోటు కనిపించలేదు.

పెడల్ అసిస్ట్‌లో రెండు రకాల సెన్సార్లు ఉంటాయి. ఒకటి పెడల్ తిరుగుతున్నదా లేదా అన్నది మాత్రమే చూస్తుంది. రెండవది మనం ఎంత బలంతో తొక్కుతున్నామో కొలిచి అంతకు తగినట్టు మోటారును కలుపుతుంది. రెండవది మేలైనది, ఖరీదైనది. మాది మొదటి రకం. తొక్కడం మొదలుపెట్టిన క్షణం తరువాత మోటారు ఒక్క ఊపున అందుకుంటుంది, గుడి ముందు జనంలో ఆ ఊపు ప్రమాదం. అందుకే జనం ఉన్న చోట అసిస్ట్ పూర్తిగా ఆపేసి కాళ్లతోనే తొక్కుతాము. ఇది మామూలు సైకిల్‌లా తొక్కగలిగినంత తేలికగా ఉండబట్టే ఆ వీలు దక్కింది. 28 కిలోల సైకిల్‌ను మోటారు లేకుండా తొక్కడం చాలా కష్టమైన పని.

ఇక బ్యాటరీ. కారవాన్ ఉన్నవారు అన్నిటికన్నా శ్రద్ధగా ఆలోచించవలసింది దీని గురించే. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. మాది 36 ఇంటూ 7.8, అంటే దాదాపు 280 వాట్ అవర్లు. మెత్తగా తొక్కుతూ మోటారు సాయం తీసుకుంటే కిలోమీటరుకు పది వాట్ అవర్ల చొప్పున ఖర్చవుతుంది, అంటే 28 కిలోమీటర్లు వస్తాయి. తొక్కకుండా థ్రాటిల్ మీదే పోతే ఆ ఖర్చు పదిహేనుకు చేరుతుంది, అప్పుడు 18, 19 కిలోమీటర్లకు మించి రావు. కరపత్రంలో 45 అని రాసి ఉన్న అంకె, బరువు తక్కువ ఉన్న మనిషి ఎదురుగాలి లేని చదును రోడ్డు మీద అతి తక్కువ అసిస్ట్ పెట్టుకుని తొక్కితే వచ్చేది. మా అవసరానికి 28 ధారాళంగా సరిపోయింది.

చిన్న బ్యాటరీ వల్ల బరువు తగ్గడం ఒక్కటే లాభం కాదు. ఇంట్లో గోడకు ప్లగ్గు పెట్టుకునేవారికి పట్టని లెక్క ఒకటి కారవాన్‌లో ఉంటుంది. కారవాన్ లోపలి అవసరాలకు మాకున్నది 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ. కాగితం మీద అది 1,200 వాట్ అవర్లు. లెడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గిపోతుంది గనుక నిజంగా చేతికి అందేది 600. సైకిల్ బ్యాటరీని పూర్తిగా నింపడానికి, ఇన్వర్టర్‌లోనూ ఛార్జర్‌లోనూ పోయే నష్టం కలుపుకుంటే, సుమారు 350 వాట్ అవర్లు కావాలి. అంటే ఫ్యానుకు, లైట్లకు, ఫోన్లకు ఇంకా కొంత మిగులుతుంది. అదే లావు టైర్ల సైకిల్‌తో వచ్చే 48 వోల్టుల 14 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 672 వాట్ అవర్లది. దానిని నింపడానికి 800కు పైగా కావాలి. మా కారవాన్ బ్యాటరీ మొత్తం ఇచ్చినా చాలదు, ఆ రాత్రి ఫ్యాను కూడా తిరగదు. ఈ లెక్క మాకు ఏ దుకాణంలోనూ ఎవరూ చెప్పలేదు. సైకిల్ కొనే ముందు ఇంట్లో కూర్చుని కాగితం మీద వేసుకున్నాము, మా ఎంపికను నిర్ణయించింది చివరికి ఇదే.

ఛార్జర్ 42 వోల్టులు, 2 ఆంపియర్లది. అంటే ఇన్వర్టర్ మీద పడే భారం వంద వాట్ల చుట్టుపక్కల మాత్రమే. ఖాళీ బ్యాటరీ నిండడానికి నాలుగు గంటలకు పైగా పడుతుంది. మేము సాధారణంగా బండి నడుస్తున్నప్పుడు, ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ కారవాన్ బ్యాటరీని నింపుతూ ఉండగా, సైకిల్ బ్యాటరీకి ఛార్జింగ్ పెడతాము. ఎక్కువ రోజులు ఒకేచోట ఉంటే కప్పు మీది సోలార్ ప్యానెల్‌ను నమ్ముకుంటాము. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకానిదై, అంటే ఇంటి కరెంటులా సాఫీగా కరెంటు ఇచ్చేదై ఉండడం మంచిది. చవక ఇన్వర్టర్ మీద కొన్ని ఛార్జర్లు వేడెక్కి గీపెడతాయి. ఛార్జర్ మీద భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చే బీఐఎస్ గుర్తు ఉన్నదో లేదో చూసుకోవాలి, పోయినప్పుడు రోడ్డు పక్కన దొరికిన మరో ఛార్జర్ పెట్టకూడదు.

మా ఊరి ఎండ సంగతి వేరుగా చెప్పాలి. మే నెలలో విజయవాడలోనూ, పల్నాడు రెంటచింతల వైపూ కాసే ఎండకు తలుపులు మూసిన బండి లోపలి వేడి బయటి వేడిని ఎంతో మించిపోతుంది. లిథియం సెల్స్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు, 60 డిగ్రీలకు చేరువైన చోట ఉంచకూడదు. కాబట్టి వేసవిలో బండిని ఎండలో మూసి వెళ్లేటప్పుడు బ్యాటరీని తీసి చేతిసంచిలో వేసుకుని వెంట తీసుకెళ్తాము. రెండు కిలోల బరువు గనుక అది సాధ్యమవుతున్నది. సైకిల్ తొక్కి వచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టము, అది చల్లబడేదాకా ఆగుతాము. ఛార్జింగ్‌లో పెట్టి పడుకోము. వారాల తరబడి ప్రయాణం లేనప్పుడు నిండుగా గానీ, పూర్తి ఖాళీగా గానీ ఉంచకుండా సగం ఛార్జ్‌తో ఇంట్లో చల్లని గదిలో పెడతాము. మనుషులు నిద్రపోయే బండిలోనే ఈ బ్యాటరీ కూడా ఉంటుంది. ఉబ్బిన, కింద పడి సొట్టపోయిన, నీళ్లలో మునిగిన బ్యాటరీని ఖరీదు చూసుకుని దాచుకోకుండా వెంటనే వాడకం మాన్పించాలి.

లోపల పెట్టుకోవాలా, బయట కట్టుకోవాలా అన్న ప్రశ్నకు మేము లోపలే అని తేల్చుకున్నాము. మడిచినప్పుడు మా సైకిల్ దాదాపు 85 సెంటీమీటర్ల పొడవు, 70 ఎత్తు, 45 వెడల్పు ఉంటుంది. వెనుక మంచం కింద కొక్కేలకు బెల్టుతో కట్టేస్తే బ్రేకు వేసినప్పుడు జరగదు. వెనుక స్టాండుకు తగిలించి బయట తీసుకెళ్లేవారు మూడు సంగతులు చూసుకోవాలి. నంబరు ప్లేటు, వెనుక లైట్లు కప్పబడిపోకూడదు. స్టాండు మోయగలనని చెప్పే బరువు ఒక్కో సైకిల్‌కు ఎంతో చూడాలి. వానలో బ్యాటరీని, డిస్‌ప్లేను తీసి లోపల పెట్టి, కనెక్షన్ల మీద కవరు తొడగాలి. ఐపీఎక్స్4 అని రాసి ఉంటే చిందే తుంపరలను తట్టుకుంటుందని మాత్రమే అర్థం. హైవే మీద గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంలో పడే వాన ఆ తుంపరల కన్నా చాలా బలమైనది.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లల దగ్గరికి వెళ్లి, అక్కడ ఆర్వీ (మన కారవాన్ లాంటి బండి) అద్దెకు తీసుకుని తిరిగే తల్లిదండ్రులు ఈ జిల్లాల్లో చాలామంది ఉన్నారు గనుక వారి కోసం నాలుగు మాటలు. అక్కడ చాలా రాష్ట్రాలలో ఎలక్ట్రిక్ సైకిళ్లను మూడు తరగతులుగా విభజిస్తారు. మొదటి రెండింటికీ గంటకు 20 మైళ్ల దగ్గర మోటారు సాయం ఆగిపోతుంది, మూడవ తరగతికి 28 మైళ్ల దాకా ఉంటుంది. థ్రాటిల్ ఉన్నది రెండవ తరగతి. జాతీయ పార్కులలో ఏ దారిలో వీటిని అనుమతించాలన్నది ఆయా పార్కుల అధికారులు నిర్ణయిస్తారు, కాబట్టి వెళ్లే ముందు కనుక్కోవాలి. ఆర్వీ వెనుక కొసన కట్టిన సైకిల్ స్టాండు కారు వెనుక కట్టినదాని కన్నా చాలా ఎక్కువగా ఎగిరెగిరి పడుతుంది, అందుకే ఆర్వీలకు పనికొస్తుందని ప్రత్యేకంగా రాసి ఉన్న స్టాండునే వాడమంటారు. విమానంలో ఇక్కడి నుంచి సైకిల్ తీసుకెళ్దామనుకోవద్దు. 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలో ఎక్కించనివ్వరు, అతి చిన్న ఎలక్ట్రిక్ సైకిళ్ల బ్యాటరీ కూడా సాధారణంగా దానికన్నా పెద్దదే.

టైర్ల గురించి మాకు దక్కిన సౌకర్యం ఒకటి ఉన్నది. 20 అంగుళాల మామూలు టైరు, ట్యూబు మన దేశంలో పిల్లల సైకిళ్లకు వాడతారు గనుక ఏ చిన్న పట్టణంలోనైనా దొరుకుతాయి. బాపట్లలో వెనుక చక్రం పంక్చరై, ట్యూబు చిరిగిపోయినప్పుడు సైకిల్ షాపు కుర్రవాడు "ఇరవై ట్యూబేగా బాబాయ్ గారూ, పిల్లల సైకిల్‌ది పడుద్ది" అని అప్పటికప్పుడే మార్చి ఇచ్చాడు. నాలుగు అంగుళాల లావు ట్యూబు అక్కడ అడిగితే దొరికేది కాదు. 16 అంగుళాల చక్రాలు ఇంకా తేలిక గనుక వాటి వైపు మొగ్గేవారుంటారు. మన రోడ్ల గుంతలకు చిన్న చక్రం ఎక్కువగా దిగబడి చేతులకు ఎక్కువ కుదుపు ఇస్తుందని గుర్తుంచుకోవాలి. వెనుక చక్రంలో మోటారు ఉండడం వల్ల దాని నట్లు విప్పడానికి పెద్ద స్పానరు కావాలి, మోటారు వైరు కనెక్టరును ముందుగా విడదీయాలి. ఆ స్పానరు, ఒక ట్యూబు, చేతి పంపు ఎప్పుడూ బండిలో ఉంచుకోవాలి.

బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యలంక తీరానికి ఆ సైకిల్ మీద వెళ్లడం ఎంతో బాగుంటుంది. అయితే సన్న టైర్లు ఇసుకలో దిగబడతాయి, కాబట్టి రోడ్డు ముగిసిన చోటే ఆపాలి. ఉప్పుగాలికి చైనూ స్పోకులూ త్వరగా తుప్పు పడతాయి. తిరిగి వచ్చిన రోజే తడిగుడ్డతో తుడిచి, చైనుకు నూనె వేయాలి. పైపుతో నీళ్లు కొట్టి కడగకూడదు.

తొక్కడంలోని సుఖం గురించి చెప్పాలంటే సీతానగరం వైపు ఉదయపు ప్రయాణమే మంచి ఉదాహరణ. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. దాని మీదుగా కృష్ణ దాటి ఉండవల్లి గుహల దాకా వెళ్లడానికి విజయవాడ నుంచి ఆరేడు కిలోమీటర్లు. పొద్దున్నే బయలుదేరితే చెమట పట్టకుండా చేరి, నాలుగు అంతస్తుల ఆ గుహాలయంలో ఒకే రాతిలో మలచిన అనంతపద్మనాభస్వామిని చూసి, ఎండ ముదరక ముందే వెనక్కి రావచ్చు. రానూపోనూ బ్యాటరీలో సగం కూడా ఖర్చు కాదు. బ్యారేజీ మీద పక్కగాలి వీచినప్పుడు చిన్న చక్రాల సైకిల్ హ్యాండిల్ కొంచెం వణుకుతుంది, దానికి అలవాటు పడేదాకా రెండు చేతులూ గట్టిగా పట్టుకుని నెమ్మదిగా వెళ్లాలి. పెద్ద చక్రాల సైకిల్‌కు ఉండే నిబ్బరం దీనికి రాదు.

లోపాలు కూడా ఉన్నాయి. ఫ్రేము మధ్యలోని మడత తాళం కొన్ని నెలలకు వదులై, బ్రేకు వేసినప్పుడు టక్కుమని చప్పుడు చేయసాగింది. దాని లోపల బిగింపు సరిచేసే స్క్రూ ఉంటుందని మాన్యువల్‌లో లేదు, కొన్న దుకాణంవారికీ తెలియలేదు. కంపెనీవారికి ఫోను చేస్తే వారం తరువాత జవాబు వచ్చింది. చివరికి ఆటోనగర్‌లో ఒక అనుభవజ్ఞుడైన మెకానిక్ సరిచేశాడు. మడత సైకిల్‌కు ప్రాణాధారమైన భాగం అదే గనుక, ఎక్కే ప్రతిసారీ ఆ తాళాన్నీ, హ్యాండిల్ కాడ తాళాన్నీ చేత్తో కదిపి చూడడం మేము నియమంగా పెట్టుకున్నాము. మడత చోట బ్రేకు కేబులూ మోటారు వైరూ నలిగే వీలుంది, మడిచేటప్పుడు వాటిని చేత్తో పక్కకు జరపాలి. డిస్‌ప్లే ఎండలో సరిగ్గా కనిపించదు. బ్యాటరీ మిగులును చూపే గీతలు సగం దాకా నెమ్మదిగా తగ్గి, ఆ తరువాత ఒక్కసారిగా పడిపోతాయి, వాటిని నమ్మి దూరం వెళ్లకూడదు. బ్యాటరీ ఫ్రేము గొట్టంలోనే ఉండడం వల్ల సైకిల్‌ను మడిస్తే గాని దానిని బయటికి తీయలేము. ఛార్జింగ్ కోసం మాత్రం గొట్టం మీద వేరే రంధ్రం ఉన్నది. సీటు ఎక్కువసేపు కూర్చోవడానికి పనికిరాదు, మేము వెంటనే మార్పించాము. డిస్క్ బ్రేకులు మాత్రం తడిలో కూడా చక్కగా పట్టాయి. బ్రేకు లివరు నొక్కగానే మోటారు ఆగిపోయే ఏర్పాటు ఉన్నది. అది లేని సైకిల్‌ను ఎంత చవకగా ఇచ్చినా కొనకూడదు.

ధర నలభై వేలు దాటింది. అదే డబ్బుకు ఎక్కువ రేంజి, లావు టైర్లు, మెరిసే డిస్‌ప్లే ఉన్న సైకిల్ వస్తుందన్నది నిజం. ఇంటి కింద పార్కింగ్‌లో ప్లగ్గు ఉండి, రోజూ ఆఫీసుకు వెళ్లిరావడానికి కొనేవారికి ఆ రెండవదే మేలు, వారికి మా సైకిల్‌ను నేను సిఫార్సు చేయను. వంద కిలోలకు పైబడిన మనిషికి కూడా ఇది సరిపోదు, కంపెనీవారు చెప్పిన బరువు హద్దును తప్పనిసరిగా చూసుకోవాలి. వెనుక మరొకరిని కూర్చోబెట్టుకుని వెళ్లాలనుకునేవారికి ఇది అసలే పనికిరాదు. కారవాన్ గానీ, పెద్ద కారు గానీ ఉండి, ఊళ్లలో దిగి తిరగాలనుకునే ఇద్దరు మనుషులకు మాత్రం నిస్సంకోచంగా చెబుతాను. బిల్లు మీద బ్యాటరీ సీరియల్ నంబరు రాయించుకోవాలి, బ్యాటరీకీ మోటారుకూ వారంటీ ఎన్నాళ్లో విడివిడిగా అడిగి కాగితం మీద పెట్టించుకోవాలి. అదే బ్యాటరీ మూడేళ్ల తరువాత విడిగా ఎంతకు దొరుకుతుందో కూడా కొన్న రోజే అడగాలి. మా దుకాణంవారు ఆ ధర సైకిల్ ఖరీదులో మూడో వంతు ఉంటుందని చెప్పారు.